సాయంకాలపు కూలి

2025 మే 8వ తేదీన రోమునగరమున కార్డినళ్ళు ఎన్నుకొన్న క్రొత్త పోపు పదునాలుగవ లియో అను పేరు స్వీకరించినారు. పోపులు పేరు మార్చుకొనుట మన పీఠాధిపతులు ఆశ్రమనామము స్వీకరించుట వంటిది. ఆ పేరునుబట్టి వారు ఏ పూర్వుని దారి పట్టదలచినారో గ్రహింపవచ్చును. రెండు దినముల తరువాత కార్డినళ్ళ సభలో ఆయనయే కారణము చెప్పినారు. మొదటి పారిశ్రామిక విప్లవము తెచ్చిన చిక్కుల నడుమ, 1891లో, పదమూడవ లియో కార్మికుల స్థితిని గూర్చి ఒక విశ్వలేఖ వ్రాసినారు. నేడు కృత్రిమ మేధ అను పేర మరియొక పారిశ్రామిక విప్లవము వచ్చి మనుష్యుని శ్రమకు, గౌరవమునకు, న్యాయమునకు క్రొత్త పరీక్ష పెట్టుచున్నది. అందుచేతనే ఆ పేరు.

ఈ మాటతో ఒక పాత తగవు మరల ముందుకు వచ్చినది. క్రైస్తవధర్మము పెట్టుబడిదారీ విధానము పక్షమా, సామ్యవాదము పక్షమా? 2013లో పోపు ఫ్రాన్సిస్ నేటి ఆర్థికవ్యవస్థ బీదలను వెలివేసి చంపుచున్నదను అర్థమున వ్రాసినప్పుడు, అమెరికాలో ప్రసిద్ధుడైన ఒక రేడియో వ్యాఖ్యాత ఇది పచ్చి మార్క్సిజమని కేకలు వేసినాడు. మార్క్సు సిద్ధాంతము తప్పేగాని తనకు తెలిసిన మార్క్సిస్టులలో మంచివారు పెక్కురు కలరని ఫ్రాన్సిస్ బదులిచ్చినారు. అంతకు ముందు తరములలో ఇదే సంఘమును ధనికుల కొమ్ము కాయునదని కమ్యూనిస్టులు దుయ్యబట్టియున్నారు. ఒకే గ్రంథము చేతబట్టినవారిని ఇరువైపులవారును తిట్టుచున్నారనగా, ఆ గ్రంథములో ఏమున్నదో ఒకసారి చూడవలసి యున్నది.

నేను క్రైస్తవుడను కాను; వేదాంతిని అసలే కాను. పాతికేండ్లకు పైగా కళాశాలలో తెలుగు పాఠము చెప్పుకొనుచున్నవాడను. తెలుగు వచనము నడచివచ్చిన దారిని విద్యార్థులకు చూపవలసి వచ్చినప్పుడు తెలుగు బైబిలు పుటలు తిరుగవేయుట అలవాటైనది. ఆ విధముగా తిరుగవేయుచు మత్తయి సువార్త ఇరువదవ అధ్యాయములోని ఒక చిన్నకథ దగ్గర ఆగిపోయినాను. పై తగవంతయు అందులో ఇమిడియున్నదని నాకు తోచినది.

ద్రాక్షతోట యజమాని ఒకడు తెల్లవారుజామున సంతవీధికి పోయి, దినమునకు ఒక దేనారము కూలి అని మాటాడుకొని కొందరిని పనిలో పెట్టినాడు. ప్రొద్దెక్కిన తరువాత పోయి మరికొందరిని, మధ్యాహ్నమున కొందరిని, ప్రొద్దు వాలిన తరువాత కొందరిని పిలుచుకొనివచ్చినాడు. దినము ముగియుటకు ఒక్క గంట ఉన్నదనగా పోయి చూచినప్పటికిని కొందరు అక్కడనే నిలిచియున్నారు. తమ్ము ఎవరును పనికి పిలువలేదని వారు చెప్పినారు. వారిని కూడ తోటకు పంపినాడు. సాయంకాలము కూలి పంచునపుడు చివర వచ్చినవారిని ముందు పిలిచి తలకొక దేనారము ఇచ్చినాడు. తెల్లవారుజామున వచ్చినవారికిని అదే దేనారము. ఎండలో దినమంతయు ఒళ్ళు వంచినవారు గొణిగినారు. అనుకొన్న కూలి ఇచ్చినాను గదా, నేను మంచివాడనైనందులకు నీకేల కష్టమని యజమాని అడిగినాడు.

హైదరాబాదులో గాని విజయవాడలో గాని ప్రొద్దున్నే కూలీల అడ్డామీదుగా నడచిపోయినవారికి ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు. తాపీ, పార, రంగులు వేయు బ్రష్షు, అన్నపు డబ్బా చేతబట్టుకొని నూరుమంది నిలిచియుందురు. మేస్త్రి వచ్చి బండి ఆపగానే చుట్టు మూగుదురు. ఆయన కండలు చూచి, వయసు చూచి నలుగురిని ఎక్కించుకొని పోవును. పదిగంటలు దాటిన తరువాత అక్కడ మిగిలినవారు సోమరులని దారిన పోవువారు అనుకొందురు. సోమరియైనవాడు ప్రొద్దున అక్కడకు రానేరాడు. మిగిలినవారు వయసు మళ్ళినవారు, బక్కపలుచనివారు, జ్వరము పడి లేచినవారు. దేనారమనగా ఆ కాలమున ఒక దినపు కూలి. ఒక ఇంట ఆ రాత్రి పొయ్యి వెలుగుటకు చాలినంత సొమ్ము. గంటకు గంటకూలి లెక్క చూచినచో చివరివాని ఇంట పొయ్యి వెలుగదు.

పెట్టుబడిదారీ పక్షమువారు ఈ కథలో యజమాని మాట పట్టుకొందురు. తన సొమ్మును తన యిష్టము వచ్చినట్లు వినియోగించు హక్కు తనకు కలదని ఆయన అన్నాడు గదా. ఒడంబడిక తప్పలేదని అన్నాడు గదా. ఆస్తిహక్కునకు ఇంతకంటె ప్రమాణమేమి కావలెనందురు. సామ్యవాద పక్షమువారు దేనారమును పట్టుకొందురు. చేసిన గంటలు వేరు, కూలి ఒక్కటి. శ్రమ లెక్కతో కాక అవసరము లెక్కతో పంచుటకు ఇంతకంటె దృష్టాంతమేమి కావలెనందురు. ఇరువురును కథలో సగమే చదివినారని నా అభిప్రాయము. యజమాని తన స్వేచ్ఛను వాడుకొన్న మాట నిజమే, కాని దానిని ఏ వైపునకు వాడుకొన్నాడు? గంట పనికి గంట కూలి ఇచ్చి పంపుట బజారు న్యాయము. దానిని ఆయన విడిచిపెట్టినాడు. సమానముగా పంచిన మాటయు నిజమే, కాని పంచినది శాసనమును కాదు, రాజభటుడును కాదు. తోట యజమానిదిగానే మిగిలినది. ఇది పరలోకరాజ్యమునకు ఉపమానము గాని కూలిరేట్ల పట్టిక కాదని వేదాంతులు హెచ్చరింతురు. ఒప్పుకొందును. ఐనను ఉపమానము పుట్టినచోటు సంతవీధి.

పైగా ఆ కథ వెనుక యూదుల పాత ధర్మశాస్త్రము కలదు. కూలివాని కూలి ప్రొద్దు క్రుంకకముందే ఇచ్చివేయవలెనని ద్వితీయోపదేశకాండము శాసించినది. లేవీయకాండములోని సునాదసంవత్సరపు విధి మరింత విచిత్రమైనది. భూమి అమ్ముకొనవచ్చును, కొనవచ్చును. కాని ఏబదియవ సంవత్సరమున అది మొదటి కుటుంబమునకు తిరిగి పోవలెను. అందుచేత ధర కట్టునపుడు సునాదసంవత్సరమునకు ఇంకెన్ని పంటలున్నవో లెక్కించి కట్టవలెను. అనగా అమ్మునది భూమి కాదు, పంటలు. ప్రాకారము గల పట్టణములోని యిండ్లకు మాత్రము ఈ విధి లేదు; ఏడాదిలోగా విడిపించుకొననిచో కొన్నవానికే శాశ్వతము. అన్నము పుట్టు ఆస్తి వేరు, తక్కిన ఆస్తి వేరు అను ఈ వివేకమునకు నేను ముగ్ధుడనైనాను. ఇది సామ్యవాదము కాదు. నలువదితొమ్మిదేండ్లు బజారు నడుచుచునే యున్నది. పెట్టుబడిదారీ విధానమును కాదు. తండ్రి అప్పు మనుమని బానిసగా చేయకుండ హద్దు గీసినది.

అపొస్తలుల కార్యములలో యెరూషలేములోని తొలి విశ్వాసులు పొలములు, ఇండ్లు అమ్మి సొమ్ము ఒకచోట చేర్చి అక్కరకొలది పంచుకొన్నారని కలదు. దానిని చూపి క్రైస్తవము పుట్టుకతోనే కమ్యూనిజమనువారు కలరు. వెంటనే వచ్చు అననీయ కథను చూపి కాదనువారును కలరు. అమ్మకముందు ఆ పొలము నీదే గదా, అమ్మిన తరువాత సొమ్మును నీ చేతిలోనిదే గదా, అబద్ధమేల ఆడితివను భావమున పేతురు వానిని నిలదీసినాడు. అననీయ నేరము ఆస్తి ఉంచుకొనుట కాదు, ఇచ్చినట్లు నటించుట. ఈ నేరము రెండు విధానములలోను వర్ధిల్లినదని ఇరువదవ శతాబ్దపు చరిత్ర తెలిసినవారు ఒప్పుకొందురు.

తరువాతి పదునాలుగు శతాబ్దముల చర్చ గ్రంథముల కొలది కలదు. ఇచట ఒకటి రెండు మాటలు చాలును. నాలుగవ శతాబ్దమున మిలాను బిషప్పు ఆంబ్రోసు బీదవానికి ఇచ్చునది దానము కాదు, వాని సొమ్ము వానికి తిరిగి ఇచ్చుటయే అను అర్థమున బోధించినాడు. పదమూడవ శతాబ్దమున థామస్ అక్వినాసు, ఆస్తి చూచుకొను అధికారము వ్యక్తిదే కావచ్చును గాని దాని వినియోగము అందరిదిగా ఉండవలెననియు, ప్రాణము మీదికి వచ్చినవాడు ఇతరుని సొమ్ము తీసికొన్నచో దొంగతనము కాదనియు నిర్ణయించినాడు. మన భాగవతము సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు చెప్పిన గృహస్థధర్మము చదివినవారికి ఇది క్రొత్త మాటగా తోపదు. ప్రొటెస్టెంటు నియమనిష్ఠలే పెట్టుబడిదారీ మనస్తత్త్వమునకు ఊతమైనవని 1904-05లో మాక్స్ వెబర్ వాదించినాడు. దానిపై నేటికిని వాదోపవాదములు తీరలేదు, వానిలోనికి పోను.

1891 మే 15వ తేదీ గల పదమూడవ లియో లేఖ పేరు రేరుమ్ నోవారుమ్. కమ్యూనిస్టు ప్రణాళిక వెలువడి అప్పటికి 43 ఏండ్లు. గనులలో పసిపిల్లలు పనిచేసిన కాలమంతయు రోము ఏమి చేయుచున్నదని అడుగుట న్యాయమే. లేఖలో సామ్యవాద ఖండన గట్టిగా కలదు. స్వంత ఆస్తి సహజమైన హక్కని వాదన కలదు. యజమానులు ఆ పుటలు చదివి సంతోషించియుందురు. కాని మరికొంత ముందుకు పోయిన తరువాత ఒక మాట కలదు. కార్మికుడు ఆకలిచే గత్యంతరము లేక తక్కువ కూలికి ఒప్పుకొన్నచో ఆ ఒప్పందము ఒప్పందము కాదు, అది బలవంతము. మితముగా బ్రదుకు కార్మికునికి జీవనము జరుగునంత కూలి ఇచ్చుట ఒప్పందమునకు పూర్వమే ఉన్న ధర్మము. ఇష్టపడి సంతకము పెట్టినాడు గదా అను సమాధానముపైననే యంత్రయుగపు వ్యాపారమంతయు నిలిచియున్నది. ఆ సమాధానము చెల్లదని లియో తేల్చినారు. తరువాతి పోపులలో 1931లో పదునొకండవ పయస్ సామ్యవాదమును మరింత కఠినముగ త్రోసిపుచ్చినారు. 1967లో ఆరవ పాల్ ఆస్తిహక్కు నిరపేక్షము కాదన్నారు. 1981లో రెండవ జాన్ పాల్ శ్రమను గూర్చి వ్రాసిన లేఖలో, ఒక ఆర్థికవ్యవస్థ న్యాయమైనదా కాదా అని తెలిసికొనుటకు అందులో కార్మికునికి ముట్టు కూలియే గీటురాయి అను భావము కలదు. సిద్ధాంతము పేరు అడుగనక్కరలేదు. సాయంకాలము కూలివాని చేయి తెరచి చూచిన చాలునన్నమాట.

ఈ గీటురాయి పట్టుకొన్నవారికి ఏమి జరిగినదో రెండు మరణములు చెప్పును. ఆస్కార్ రోమెరో 1977లో సాన్ సాల్వడార్ ఆర్చిబిషప్పుగా నియమితుడైనప్పుడు కాఫీతోటల కామందులు ఊరట చెందినారు. ఆయన పుస్తకములు, ప్రార్థనలు తప్ప రాజకీయము ఎరుగని నెమ్మదిపరుడు. కొన్ని వారములకే, రైతుకూలీల నడుమ పనిచేయుచున్న ఆయన మిత్రుడు రుతీలియో గ్రాందే అను గురువును, వెంటనున్న ఒక వృద్ధుని, ఒక బాలుని దారిలో కాల్చి చంపినారు. ఆనాటినుండి రోమెరో మారినాడు. ఆదివారపు ప్రసంగములలో, రేడియో వినుచున్న దేశమంతటికి, ఆ వారము చంపబడినవారి పేర్లు, మాయమైనవారి పేర్లు చదువుచుండెడివాడు. 1980 మార్చి 23న సైనికులను ఉద్దేశించి, దేవుని ఆజ్ఞకు విరుద్ధమైన ఆజ్ఞను పాటింపనక్కరలేదనినాడు. మరునాటి సాయంకాలము ఒక కాన్సరు ఆస్పత్రి ప్రార్థనామందిరమున పూజ చేయుచుండగా ఒక్క గుండుతో ఆయనను చంపినారు. కమ్యూనిస్టు బిషప్పని ఆయనకు వారు పెట్టిన పేరు.

పోలండు దేశపు యెజి పొపియెవుష్కో రైతుబిడ్డ. 1980 ఆగస్టులో వార్సా ఉక్కు కర్మాగారమున సమ్మెకట్టిన కార్మికులు పూజ చేయుటకు ఒక గురువును పంపుమని కోరగా పోయినవాడు; వారితోనే ఉండిపోయినాడు. అది కార్మికరాజ్యమని పేరుపెట్టుకొన్న రాజ్యము. ఆ రాజ్యములో కార్మికులు స్వంతముగా సంఘము పెట్టుకొనుట ద్రోహమైనది. 1981 డిసెంబరులో సైనికశాసనము వచ్చినది. ఆయన నెలకొకమారు దేశముకొరకు పూజ జరిపి, చెరలో ఉన్నవారి కుటుంబములకు సాయము చేయుచుండెడివాడు. 1984 అక్టోబరు 19 రాత్రి రహస్య పోలీసు అధికారులు ముగ్గురు ఆయనను ఎత్తుకొనిపోయి, కొట్టి, రాళ్ళు కట్టి విస్తులా నదిలో పడవేసినారు. పదునొకండు దినములకు శవము దొరికినది. వయసు 37.

ఒకనిని ఆస్తిని కాపాడువారు చంపినారు, ఒకనిని ఆస్తిని రద్దు చేసితిమనువారు చంపినారు. ఇంతవరకు చెప్పి, కావున రెండును చెడ్డవే అని చేతులు దులుపుకొనుట సులభము. పెక్కు క్రైస్తవ రచయితలు అటులనే చేసినారు. ఆ మధ్యేమార్గము నాకు రుచింపదు. ఇరువురికి సమదూరమున కూర్చుండినవాడు ఎల్లప్పుడును ఉన్నవాని ఇంటి అరుగుమీదనే కూర్చుండును. అక్కడ నీడ కలదు గనుక.

రెండు విధానముల పాపములు ఒక్క తీరువి కావు. సోవియట్ తరహా సామ్యవాదములో యజమాని ఒక్కడే, రాజ్యము. అది కూలి ఎగవేసినచో మరియొక తోటకు పోవుటకు తోవ లేదు. అడుగుటకు నోరును లేదు. ఘోరమే. కాని ఆ ఘోరమునకు కర్త కలడు. పొపియెవుష్కోను చంపినవారిని 1985లో ఆ ప్రభుత్వమే న్యాయస్థానమున నిలుపక తప్పలేదు. బజారులో అటుల కాదు. కూలి పడిపోయినచో ధర పడిపోయినదందురు. ధర ఏల పడిపోయినదనగా పోటీ అందురు. పోటీ ఎవరిదనగా అందరిది అందురు. ఇంట పొయ్యి వెలుగలేదు, ఆర్పినవాడు మాత్రము కనపడడు. పాపము ఉండి పాపి లేకపోవుట క్రైస్తవధర్మమునకు మింగుడుపడని సంగతి. వారి పశ్చాత్తాపము, క్షమాపణ అన్నియు పాపి ఒకడున్నాడను నమ్మకముపై నిలిచినవి. పెట్టుబడిదారీ విధానము దరిద్రమును చాల దేశములలో తగ్గించినదని దానిని సమర్థించు క్రైస్తవులు చెప్పుదురు. అది అబద్ధము కాదు. చైనాలోను మన దేశములోను గత నలువది యేండ్లలో చూచినదే. ఐనను 1991 తరువాత లోకమున తీర్పుకు నిలువవలసినది ముఖ్యముగా గెలిచిన విధానమే.

ఆ ద్రాక్షతోట కథ మన నేలకును వచ్చినది, చుట్టుదారిని. 1860లో జాన్ రస్కిన్ ఆర్థికశాస్త్రముపై నాలుగు వ్యాసములు ఒక మాసపత్రికలో వ్రాసినాడు. పాఠకుల అలజడికి సంపాదకుడు వానిని అంతటితో ఆపివేసినాడు. పుస్తకముగా వచ్చినప్పుడు రస్కిన్ పెట్టిన పేరు, యజమాని ఆ చివరి కూలివానిని గూర్చి పలికిన పలుకులోనిది. 1904లో దక్షిణాఫ్రికాలో రైలుప్రయాణమున గాంధీగారు ఆ పుస్తకము చదివినారు. ఆ రాత్రి నిద్రపోలేదు. అందరికి ఒకే జీవనవేతనమను ఊహతో ఫీనిక్సు ఆశ్రమము వెలసినది. 1908లో ఆయన దానిని గుజరాతీలో సంగ్రహించి సర్వోదయమని పేరు పెట్టినారు. ఆ సర్వోదయపు సమ్మేళనమునకే 1951లో వినోబా హైదరాబాదు దగ్గరి శివరామపల్లికి వచ్చినారు. అచటినుండి, భూమికొరకు సాయుధపోరాటము సాగిన నల్లగొండ జిల్లాలో నడచుచు ఏప్రిల్ 18న పోచంపల్లి చేరినారు. హరిజనులు 80 ఎకరములు అడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చెదనన్నారు. అడిగినదానికంటె ఎక్కువ ఇచ్చిన ఆ ద్రాక్షతోట యజమాని మన ఊళ్ళో ఒకనాటి సాయంకాలము కనిపించినాడన్నమాట. తరువాతి కథ అందరెరిగినదే. భూదానము ఐదుకోట్ల ఎకరముల లక్ష్యమునకు చాల దూరముననే ఆగినది; ఇచ్చినదానిలో రాళ్ళును రప్పలును కొల్లలు. ఒక్కని మంచితనము ఒక దినమునకు చాలును. మరునాడు అడ్డామీద మరల నూరుమంది నిలిచియుందురు. తంజావూరున పుట్టిన క్రైస్తవుడు, గాంధేయ ఆర్థికవేత్త జె. సి. కుమారప్ప ఈ సంగతి ముందే గ్రహించినాడు కాబోలు. ఆయన క్రీస్తు బోధలపై చెరసాలలో పుస్తకము వ్రాసినాడు. బయటకు వచ్చిన తరువాత కాంగ్రెసు నియమించిన భూసంస్కరణల సంఘమునకు అధ్యక్షుడై, దున్నువానికే భూమి అను నివేదికను 1949లో సమర్పించినాడు. బోధయు కావలెను, చట్టమును కావలెను.

నేటి సంతవీధి చేతిలోని ఫోనులోనికి వచ్చినది. అన్నపు పొట్లములు చేరవేయు కుర్రవాడు ఏ హోటలు ముందో బండిమీద కూర్చుండి తెరవంక చూచుచుండును. మేస్త్రి కండలు చూచినట్లే అక్కడ ఒక లెక్క వాని వేగమును, వాని మార్కులను చూచును. ఎవరిని పిలువవలెనో ఆ లెక్కయే తేల్చును. నన్నేల పిలువలేదని అడుగుటకు యజమాని ముఖము లేదు. పాపి లేని పాపమని పైన అన్నది ఇక్కడ పరాకాష్ఠకు చేరినది. 2023లో రాజస్థాన్ ఇట్టి పనివారికొరకు దేశమున మొదటి చట్టము చేసినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నాలుగు కార్మికస్మృతులలో ఒకటి వారికి సామాజిక భద్రత అను మాట ఇచ్చినది. భద్రతానిధి మంచిదే, కాని ఆ దినపు కూలి ఎంత అను ప్రశ్నకు అది బదులు కాదు. పదునాలుగవ లియో యంత్రమేధను తలచి ఆ పాత పేరు ధరించుటలోని అర్థము నాకు ఇక్కడ బోధపడుచున్నది.

పరుల లెక్కలు చాల చెప్పినాను. మా తెలుగు శాఖలో నా బల్లకు ఎదురుగా ఒక గెస్టు లెక్చరరు కూర్చుండును. నేను నన్నయను చెప్పిన తరగతికే ఆయన తిక్కనను చెప్పును. నాకంటె బాగుగా చెప్పునని పిల్లలు అందురు. నాకు నెల జీతము, ఆయనకు గంట లెక్క. సెలవుదినమునకు లేదు, పరీక్షల నెలలో లేదు, వేసవికి అసలే లేదు. ఒకయేడు వారందరు కలసి సమాన పనికి సమాన వేతనమని అర్జీ వ్రాసినారు. 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు తాత్కాలికోద్యోగుల విషయమున ఇచ్చిన తీర్పును అందులో పేర్కొన్నారు. మా వంటి స్థిరోద్యోగుల సంతకములు కూడ ఉన్నచో బలము చేకూరునని ఆయన నా దగ్గరకు తెచ్చినాడు. మేము పోటీపరీక్షలు వ్రాసి, ఏండ్ల తరబడి అలసి వచ్చినవారము, నిన్న వచ్చినవారికిని అదే జీతమా అని ప్రక్క బల్లనుండి ఒకరు గొణిగినారు. నేను కాదనలేదు. కన్నడ్డాలు తెచ్చుకోలేదు, రేపు పెట్టుదునని చెప్పినాను. అద్దములు నా జేబులోనే యున్నవి.

అర్జీ మరునాడు వేరొక శాఖకు వెళ్ళిపోయినది. ఏప్రిల్ మొదటివారమున ఆయన పుస్తకములు సంచిలో సర్దుకొని, బల్ల సొరుగు తాళపుచెవి నాకిచ్చి, "జూన్‌లో పిలుపొస్తే కలుద్దాం సార్" అని బస్సుస్టాండు వైపు నడచినాడు.